వదినా, మాత్ర మానకు

నాగాయలంక,
జూన్ 11, 2023

కనకం,

నేను, నీ వదినని. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు, కుడి మణికట్టుకి కట్టు విప్పి వారమే అయింది. రేవులో బురద మీద కాలు జారి చెయ్యి ఊనాను. అంతే, ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. మీ అన్నయ్య నీకు ఫోనులో చిన్న దెబ్బేనని చెప్పాడట. ఆయనకి ఏదైనా చిన్నదే. నాకు చెవులు మందగించాక ఆ ఫోను పూర్తిగా ఆయన సొత్తయిపోయింది. అటు నువ్వు ఎంతసేపు మాట్లాడినా ఇటు నాకు 'బాగానే ఉందట' అని ఒక్క ముక్క అందుతుంది. అందుకే ఉత్తరం మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

బందరులో ఎముకల డాక్టరు చేతికి ఎక్స్‌రే తీసి, తర్వాత వేరే మిషను మీద పడుకోబెట్టి నడుము, తుంటి కూడా చూశాడు. ఎముకలు గుల్లబారాయట. వారానికో మాత్ర రాశాడు. ఆయన చెప్పింది నాకు సగమే వినపడింది. మిగతా సగం విన్న మీ అన్నయ్య ఇంటికొచ్చేసరికి మర్చిపోయాడు. నేను మామూలు మాత్రలాగే రెండు గుక్కల నీళ్ళతో మింగి, టీ తాగి, కాసేపు నడుం వాల్చాను. ఇక చూడు, గొంతు దగ్గర్నుంచి రొమ్ము మధ్య దాకా పచ్చిమిరపకాయలు నూరి రాసినట్టు మంట. సాయంత్రం దాకా ముద్ద దిగలేదు. అప్పుడు మా కోడలు హారిక అట్టపెట్టెలో కాగితం తీసి చదివింది. పరగడుపున వేసుకోవాలట, మంచినీళ్ళతో తప్ప మింగకూడదట, ఆ తర్వాత అరగంట పడుకోకూడదట, టీ ముట్టకూడదట. మాత్రకి ఇంత మడి ఉంటుందని నాకేం తెలుసు.

మీ అన్నయ్య సందు దొరికిందని, ఇక చేపల బజారు మానేసి ఇంట్లో కూర్చోమంటున్నాడు. మళ్ళీ పడితే తుంటి విరుగుతుందని వీధిలో అందరికీ చెప్పి పెట్టాడు. విరిగింది చెయ్యే, నోరు కాదు, చేపలు అమ్మేది నోటితో అన్నాను. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. ఎలాగూ నాకు వినపడవు కాబట్టి నష్టం లేదు.

నువ్వు ఏళ్ళ తరబడి ఇదే మాత్ర వేసుకుంటున్నావని విన్నాను. ఎలా తట్టుకుంటున్నావు? దాచకుండా రాయి.

మంట తగ్గని,
అంకమ్మ


గుడివాడ,
జూన్ 20, 2023

వదినా,

నీ వంకర అక్షరాలు చూసి నవ్వలేదు, నేను కబడ్డీ నేర్పే పిల్లల చేతిరాత కంటే నయం. ఉత్తరాలే రాసుకుందాం. అన్నయ్య చేతిలో మన మాటలు పెట్టడం దండగ.

నేను రిటైరైన ఏడాది మెట్లు దిగుతూ పాదం విరగ్గొట్టుకున్నాను, గుర్తుందా. డ్రిల్ టీచరుగా ఇన్నేళ్ళు గంతులేసిన కాలికి, తిన్నగా దిగే మెట్టు మీద విరగడం నామోషీగా అనిపించింది. అప్పుడే ఈ మాత్ర మొదలైంది. మొదట్లో నాకూ మంట పుట్టింది, ఒళ్ళంతా కీళ్ళు పట్టేశాయి. ఇప్పుడు దాని మెడలు వంచాను. ఆదివారం లేవగానే పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటాను. ఇంట్లో ఉంటే పడుకోబుద్ధవుతుందని నేరుగా స్టేడియానికి వెళ్ళిపోతాను. కబడ్డీ ఆడపిల్లలు వార్మప్ చేసేసరికి నా అరగంట అయిపోతుంది. ఆ తర్వాతే కాఫీ. నువ్వూ అలాగే రేవు దాకా నడిచి రా. నెమ్మదిగా నడు, బురదలో కాదు. అప్పటికీ మంట ఆగకపోతే ఓర్చుకోకు, డాక్టరుకి చెప్పు, వేరే రకాలున్నాయి.

ఇంకొకటి. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందు ఈ మాత్ర సంగతి పళ్ళ డాక్టరుకి చెప్పు. ఈ మందు వాడేవాళ్ళలో ఎవరో ఒకరికి దవడ ఎముక మానడం కష్టమవుతుందట.

బజారు మానకు. ఇంట్లో కూర్చుంటే ఎముకలు గట్టిపడతాయని ఏ డాక్టరూ అనడు.

నాకు ఈ మధ్య కుడి తొడ పట్టేసినట్టుంటోంది. పిల్లలకి కూతకి వెళ్ళడం చూపించబోయి లాగి ఉంటాను. అదే పోతుంది.

మెట్టు మీద ఓడినా గ్రౌండులో ఓడని,
కనకమహాలక్ష్మి


నాగాయలంక,
సెప్టెంబరు 17, 2023

కనకం,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. మంట తగ్గింది, పూర్తిగా పోలేదు. మాత్ర వేసుకున్న రోజు మధ్యాహ్నానికి నడుములోనూ మోచేతుల్లోనూ ఎవరో పిండినట్టుంటుంది. మర్నాటికి పోతుంది. నేను మంగళవారం వేసుకుంటున్నాను. ఆదివారం బేరం పోగొట్టుకోలేను.

డాక్టరు నెత్తి మీద గంప పెట్టొద్దన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నాకు బాగా వినపడింది, విని బాధపడ్డాను. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ గంప మోసిన తల ఇది. ఉత్తి తలతో బజారుకి వెళ్తే చీర కట్టుకోవడం మర్చిపోయి వచ్చినట్టుంది. ఇప్పుడు సరుకు ఆటోలో వస్తోంది, నేను ఎత్తుపీట వేసుకుని కూర్చుంటున్నాను. మొదటి రోజు పక్కన కూర్చునే వాళ్ళు 'ఇంకా ఎందుకు వదినా' అన్నారు. మీ అన్నయ్య పాఠం చెప్పి పంపాడని అర్థమైంది. ఆ పొద్దు ఒక పండుగప్ప వచ్చింది, నా చెయ్యంత పొడుగు. అందరి కంటే ముందు నేనే అమ్మాను. మళ్ళీ ఎవరూ అడగలేదు.

నీ తొడకి ఆముదం వెచ్చచేసి రుద్దు. నువ్వు రాయకపోయినా నొప్పి తగ్గలేదని నాకు తెలుసు. తగ్గి ఉంటే గొప్పగా రాసేదానివి.

ఎత్తుపీట మీది,
అంకమ్మ


గుడివాడ,
డిసెంబరు 3, 2023

వదినా,

నీ ఆముదం పనిచెయ్యలేదు. చెయ్యదని ఇప్పుడు తెలిసింది.

నొప్పి ముదురుతుంటే ఇక్కడ ఒక డాక్టరుకి చూపించుకున్నాను. మోకాలికి ఎక్స్‌రే తీయించి అరుగుదలన్నాడు. ఇంకొకాయన నడుముకి తీయించి నరం నొక్కుకుందన్నాడు. మోకాలూ కాదు, నడుమూ కాదు, తొడ అని వేలు పెట్టి చూపించాను. ఈ వయసులో పరుగులేమిటని నన్నే అడిగాడు. కండరం లాగితే ఎలా ఉంటుందో, బెణికితే ఎలా ఉంటుందో నాకు కొత్త కాదు వదినా. ఇది వేరు. ఆ కాలి మీద బరువు వెయ్యగానే లోపల ఎముకే మూలిగినట్టుంటుంది.

జ్యోతిర్మయి అని నా దగ్గర ఆడిన అమ్మాయి, ఇప్పుడు పామర్రులో నాలాగే డ్రిల్ టీచరు, కారులో నన్ను విజయవాడ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ కూడా నడుముకే రాయబోయింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"తొడకి తీయిస్తే గానీ వెళ్ళనండీ. అందులో ఏమీ లేకపోతే మీకు క్షమాపణ చెప్పుకుంటాను" అన్నాను.

ఆవిడ నవ్వి రాసింది. ఎక్స్‌రే వచ్చాక మాత్రం నవ్వలేదు. ఈ మాత్ర ఎన్నేళ్ళుగా వాడుతున్నారని అడిగింది. ఎనిమిదేళ్ళన్నాను. మధ్యలో ఎవరూ ఆపి చూద్దామనలేదా అంది.

ఎవరంటారు? రాసిన డాక్టరు ఊరు వదిలి వెళ్ళిపోయాడు. పాత చీటీ చూసి మందుల షాపువాళ్ళు ఇస్తూ వచ్చారు, నేను మింగుతూ వచ్చాను. చాలా ఏళ్ళు వాడిన వాళ్ళలో అరుదుగా ఒకరికి తొడ ఎముక బయటి అంచున పగులు మొదలవుతుందట. నాకు వెంట్రుకంత గీత కనిపించింది. అది రెండు ముక్కలయ్యేలోగా లోపల కడ్డీ వెయ్యాలి. మాత్ర అక్కడికక్కడే ఆపేసింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నా ఎముకని కాపాడటానికి వచ్చిన మందే నా ఎముకని చీల్చింది. వచ్చేవారం ఆపరేషను. జ్యోతిర్మయి ఉంది, మీరెవరూ హైరానా పడొద్దు. మళ్ళీ గ్రౌండులో నిలబడకపోతే నా పేరు మార్చి పిలు.

కనకమహాలక్ష్మి


నాగాయలంక,
డిసెంబరు 9, 2023

కనకం,

నీ ఉత్తరం నేను ఒకసారి చదివి, నమ్మలేక హారిక చేత మళ్ళీ చదివించాను.

మిగిలిన మాత్రలు రేవుకి తీసుకెళ్ళి కృష్ణలో పారేశాను. నీలాంటి గట్టి మనిషిని దెబ్బతీసిన మందు నన్ను వదులుతుందా? హారిక వద్దంది. నాకు వినపడనట్టే ఊరుకున్నాను. నేను చేసింది తప్పయితే వెంటనే రాయి. రాయకపోతే నీకూ సమ్మతమేననుకుంటాను.

ధైర్యంగా వెళ్ళి ధైర్యంగా రా.

అంకమ్మ


పామర్రు,
జనవరి 22, 2024

వదినా,

పడుకుని రాస్తున్నాను, గీతలు పైకీ కిందికీ పోతే సర్దుకో. గుడివాడ ఇంటికి తాళం వేసి జ్యోతిర్మయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడికే రాయి.

తుంటి నుంచి మోకాలి దాకా కడ్డీ వేశారు. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. నిలబెట్టిన అబ్బాయి 'మెల్లగా మామ్మగారూ' అన్నాడు. మామ్మ అన్నందుకు వరండా చివరి దాకా నడిచి చూపించాను, రాత్రంతా దానికి అనుభవించాను. అయినా నడిచాను. స్టేడియం పిల్లలు బస్సెక్కి చూడటానికి వచ్చారు. జట్టులో ఇద్దరు అలిగి మాట్లాడుకోవడం లేదట. మంచం మీద నుంచే పంచాయితీ చేశాను.

నీ చెయ్యి ఎలా ఉంది? బజారు ఎలా సాగుతోంది? నాకైతే ఆ మాత్ర ఆగిపోయాక మెడ మీద నుంచి ఎవరో దిగిపోయినట్టుంది. వారం వారం ఆ మడీ ఆచారం లేదు. లేవగానే కాఫీ తాగుతున్నాను. ఇన్నేళ్ళకి ఆ సుఖం దక్కింది.

వాకర్ రాణి,
కనకం


గుడివాడ,
మార్చి 5, 2024

వదినా,

నిన్న ఇంటికొచ్చి తాళం తీశాను. తలుపు సందులోంచి పడ్డ ఉత్తరాల్లో నీ డిసెంబరు ఉత్తరం ఉంది. అది నేను ఇప్పుడే చూశాను. ఈ మూడు నెలలూ నా మౌనాన్ని నువ్వు సమ్మతమనుకున్నావంటే, పైగా కాఫీ సుఖం గురించి నేను రాసిన మాటలు చదివావంటే, ఇంకొక్క రోజు కూడా ఆగడానికి లేదు.

వదినా, మాత్ర మానకు. నాది వేరు, నీది వేరు. నేను ఎనిమిదేళ్ళు ఎవరికీ చూపించుకోకుండా మింగాను. నువ్వు వేసుకున్నది ఆరు నెలలే. నా పగులు లాంటిది వేలల్లో ఒకరికి వస్తుందని, గుల్లబారిన ఎముక విరగడం మాత్రం వీధికొకరికి జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. కోపంలో నేను మొదటి సంగతి రాసి రెండోది రాయలేదు. బందరు వెళ్ళు. ఈ మాత్ర పడకపోతే ఇంకొకటి అడుగు. ఊరికే మాత్రం ఉండకు.

అన్నయ్యకి ఇప్పుడే ఫోను చేసి నీకు చెప్పమన్నాను. చెప్తాలే అన్నాడు. ఆ మాట మీద నమ్మకం లేక ఇది స్పీడు పోస్టులో పంపిస్తున్నాను.

కనకం


నాగాయలంక,
ఏప్రిల్ 2, 2024

కనకం,

నీ స్పీడు పోస్టు అందింది. అప్పటికే నేను మంచం మీద ఉన్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో బజారులో ఐసుపెట్టె మూత ఎత్తబోయాను. వెన్నులో టక్కుమంది. చెవులు వినపడని నాకు ఆ చప్పుడు వినపడింది. వెన్నుపూస ఒకటి నలిగిందట. తుమ్ము వస్తే భయం, పక్కకి తిరగాలంటే భయం. మీ అన్నయ్య నీ ఫోను సంగతి చెప్పాడు. ఏం చెప్పాడో తెలుసా? 'కనకం మందుల గురించి ఏదో అంది.'

నాకు నీ మీద కోపంగా ఉంది, దాచుకోను. నువ్వు కుర్చీలోంచి లేవకపోతే డాక్టరమ్మ ఎక్స్‌రే రాసింది. నేను కుర్చీలో కూర్చున్నా డాక్టరు మాట్లాడేది మీ అన్నయ్యతోనే. నీకు దొరికిన మాట నాకు ఉత్తరంలో సగం వస్తుంది. మీ అన్నయ్య దగ్గర్నుంచి అదీ రాదు. ఇంతమంది చెప్పిన సగాలు పోగేసుకుని నేను నా ఒంటి మీద నిర్ణయాలు చేసుకోవాలి. మందు మంచిదన్నావు, వేసుకున్నాను. చీల్చిందన్నావు, పారేశాను. ఇప్పుడు మళ్ళీ మానకు అంటున్నావు.

మాత్రలు కృష్ణలో వేసింది నేనే, నువ్వు కాదు. అది నాకు తెలుసు. కానీ ఇక నీ మాట మీదా వేసుకోను, ఆయన మాట మీదా మానను. లేచి కూర్చోగలిగిన రోజు నేనే బందరు వెళ్ళి నేనే అడుగుతాను. అంతవరకు నాకేమీ చెప్పకు.

అంకమ్మ


గుడివాడ,
ఏప్రిల్ 14, 2024

వదినా,

చెప్పొద్దన్నావు, చెప్పను. నీ కోపం సరైనదే. మందుల ఊసు ఎత్తకుండా నా కబురు మాత్రం రాస్తాను, అదీ మీ ఆయన నోటి ద్వారా 'బాగానే ఉందట' అని చేరడం ఇష్టం లేక.

ఎడమ తొడలోనూ అదే గీత కనిపించింది. ఇలాంటిది ఒక వైపు వస్తే రెండో వైపూ చూడాలని డాక్టరమ్మ మొదట్నుంచీ అంటూనే ఉంది, మొన్న తేలింది. వచ్చే నెల పదిహేనున దానికీ కడ్డీ. అప్పటిదాకా ఆ కాలి మీద బరువు మోపకూడదు. కుర్చీ గుమ్మంలో వేసుకుని కూర్చుంటున్నాను. పిల్లలే వీధిలోకొచ్చి ప్రాక్టీసు చేస్తున్నారు. ఎదురింటివాళ్ళు గోలగా ఉందన్నారు. గోలగానే ఉంటుంది, కబడ్డీ కదా అన్నాను.

జ్యోతిర్మయికి వేసవి క్యాంపు ఉంది, ఆమెని ఈసారి ఆపలేను. ఆయాని పెట్టుకుంటాను. నువ్వు ఈ స్థితిలో ఉండగా ఎవరూ బయల్దేరొద్దు. ఇది మర్యాదకి అనే మాట కాదు.

ఒక కాలికి ఇనుము, ఇంకో కాలికి రాబోతోంది. రెండూ అయ్యాక నన్ను ఎవరు పడగొడతారో చూస్తాను.

కనకం


నాగాయలంక,
మే 6, 2024

కనకం,

నేను బందరు వెళ్ళొచ్చాను. మీ అన్నయ్యని బయట బల్ల మీద కూర్చోబెట్టి, హారికని తోడు తీసుకుని, మనవరాలి పలకా బలపం పట్టుకుని లోపలికి వెళ్ళాను. "నాకు వినపడదు బాబూ. మీరు చెప్పేది దీని మీద రాయండి. చదివి అడుగుతాను" అన్నాను. ఆయన మొదట బయట ఉన్న మీ అన్నయ్య కోసం చూశాడు. నేను పలక ఆయన చేతిలో పెట్టాను. రాశాడు. చెరిపాడు, మళ్ళీ రాశాడు. మంచి ఓర్పున్న మనిషే. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ రాయమనలేదు, అంతే.

మాత్ర మానినందుకే వెన్ను నలిగిందా అని అడిగాను. అలా చెప్పలేను, మానకపోయినా నలిగేదేమో అని రాశాడు. కనకానికి వచ్చింది నాకూ వస్తుందా అని అడిగాను. చాలా అరుదు, తొడ నొప్పి వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నాడు, కొన్నేళ్ళకి ఆపి చూద్దామన్నాడు. ఆ మాట పలక మీద ఉండగానే హారిక ఫోనులో ఫొటో తీసింది. మాత్ర గొంతులో మంట అంటే, ఏడాదికొకసారి నరానికి ఎక్కించే మందుందని, దానికి ముందు రక్తపరీక్షలు, కాల్షియం మాత్రలు ఉండాలని రాశాడు. జ్వరం రావచ్చని కూడా రాశాడు.

నేనే ఒప్పుకున్నాను. ఎక్కించిన మర్నాడు వచ్చింది చూడు జ్వరం. ఒంట్లో ప్రతి ఎముకా విడివిడిగా పేరు పెట్టి పిలిచింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మీ అన్నయ్య మంచం పక్కన కూర్చుని 'ఎందుకొచ్చిన మందు' అన్నాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. ఎందుకో నాకు తెలుసు అన్నాను. వారం తిరిగేసరికి లేచి చారు కాచాను. ఇప్పుడు నడుముకి పట్టీ కట్టుకుని రేవు దాకా వెళ్ళొస్తున్నాను.

నీ మీద కోపం పోయింది. నువ్వు పగులుతున్న కాలి మీద నిలబడి నాకు మంచి చెప్పావు. అది చాలు.

ఇక అసలు సంగతి. నేను వచ్చే సోమవారం బయల్దేరుతున్నాను. చల్లపల్లిలో ఒకసారి, పామర్రులో ఒకసారి బస్సు మారతాను. బస్సు కుదుపుకి వెన్ను ఏమవుతుందోనని మీ అన్నయ్య గగ్గోలు పెడుతున్నాడు. ముందు సీటులో దిండు వేసుకుని కూర్చోవచ్చని డాక్టరు చేత రాయించుకునే వచ్చాను. నేను నిన్ను ఎత్తలేను, నువ్వు నన్ను ఎత్తలేవు. ఎత్తే పని ఆయా చేస్తుంది. నేను నీ మంచం పక్కన కూర్చుని, వచ్చే ప్రతి డాక్టరు చేతా రాయిస్తాను. ఎవరూ బయల్దేరొద్దని రాశావు కదూ. చదివాను. ఒప్పుకోలేదు.

ఆయాని గుమ్మం దగ్గర ఉండమను. లోపల్నుంచి ఎవరూ అని అరవకండి, నాకు వినపడదు. తలుపు తియ్యమను. వెన్ను నలిగాక నేను పొట్టిదాన్నయ్యాను కనకం, చీర కుచ్చిళ్ళు నేల రాస్తున్నాయి. గుమ్మంలో నా మొహం పాత ఎత్తులో వెతికితే దొరకదు. కొంచెం కిందికి చూడు.

నీ వదిన